కుందుర్ : లోబాన్ అనే పేరు చాటున ఉన్న మందు

హైదరాబాదు పాతనగరంలో అత్తరు దుకాణానికి వెళ్లి "లోబాన్" ఇవ్వమంటే, బూడిద రంగూ గోధుమ రంగూ కలిసి, మధ్యమధ్య తెల్లని మచ్చలు ఉన్న గడ్డలను పొట్లం కట్టి ఇస్తారు. అవి నిప్పుల మీద వేసి ఇంట్లో పొగ పెట్టుకోవడానికి. యూనానీ మూలికలు అమ్మే దుకాణంలో "కుందుర్" అడిగితే వేరొక సరుకు ఇస్తారు. అది లేత పసుపు రంగులో, పైన సన్నని పొడి అంటుకుని, కన్నీటి బొట్లలా ఉండే చిన్న చిన్న బంక ముక్కలు. ఇది మందుగా లోపలికి పుచ్చుకునేది.

ఈ రెండూ వేర్వేరు దేశాలలో, వేర్వేరు చెట్ల నుంచి వచ్చే పదార్థాలు. కాని అరబీ వైద్యగ్రంథాలలో "లుబాన్" అని కనబడేది మొదటిది కాదు, రెండవది. గ్రంథంలో "లుబాన్ జ్ఞాపకశక్తికి మంచిది" అని చదివి, బజారుకు పోయి "లోబాన్" కొనుక్కుని వచ్చి నానబెట్టుకుని తాగే వ్యక్తి, గ్రంథకర్త ఎన్నడూ చెప్పని వస్తువును తాగుతున్నాడన్నమాట. అందుకే ఈ బంక గుణాలు చూడడానికి ముందు దాని పేర్ల చిక్కు విప్పవలసి ఉన్నది. ఒక మందు గురించి పూర్వులు చెప్పినది నిజమో కాదో తేల్చాలంటే, వారు ఏ మందును గురించి చెప్పారో ముందుగా తేలాలి.

పేర్ల చిక్కు

అరబీలో "లబన్" అంటే పాలు. "లుబాన్" అనే మాట కూడా ఆ ధాతువుకు చెందినదే. చెట్టు బెరడు గీరినప్పుడు పాలవంటి తెల్లని ద్రవం ఊరి, గాలి తగిలి గడ్డకడుతుంది కనుక ఆ పేరు వచ్చింది. గ్రీకు భాషలోని "లిబనోస్", హీబ్రూలోని "లెబోనా" ఈ మాటకు తోబుట్టువులే. "కుందుర్" అనేది పారశీకం మీదుగా అరబీలోకి వచ్చిన పదం. సంస్కృత వైద్యంలో "కుందురు" అనే మాట ఇటువంటి బంకకే ఉన్నది. వైద్యగ్రంథాలలో లుబాన్, కుందుర్ అనే రెండు పేర్లూ ఒకే వస్తువుకు చెల్లుతాయి.

చిక్కు తూర్పు సముద్రాలలో మొదలైనది. సుమత్రా ద్వీపంలో మరొక జాతి చెట్టు నుంచి సువాసన గల బంక వస్తుంది. అరబ్బు వర్తకులు దానిని "లుబాన్ జావీ", అనగా జావా ప్రాంతపు లుబాన్ అన్నారు. ఆ రోజులలో సుమత్రాను కూడా వారు జావా పేరుతోనే పిలిచేవారు. ఈ "లుబాన్ జావీ" ఐరోపా వర్తకుల నోళ్లలో నలిగి "బెంజోయిన్" అయింది. హిందుస్తానంలో "జావీ" అన్న విశేషణం రాలిపోయి ఒట్టి "లోబాన్" మిగిలింది. క్రీ.శ. 14వ శతాబ్దపు యాత్రికుడు ఇబ్నె బతూతా దక్షిణ అరేబియా తీరంలో అసలు లుబాన్ చెట్టునూ, సుమత్రాలో జావా లుబాన్ చెట్టునూ రెండింటినీ వర్ణించాడు. అంటే ఆనాటికే రెండు వస్తువులూ ఒకే పేరుతో సముద్రం దాటుతున్నాయి.

తెలుగులో ఈ చిక్కు మరింత పెరిగింది. "సాంబ్రాణి" అనే మాటను పొగ వేసే బంకలన్నిటికీ వాడతాము. "గుగ్గిలం" అంటే సామాన్యంగా సాలవృక్షపు బంక. ఆయుర్వేదంలోని గుగ్గులు వేరు, దానిని హకీములు "ముఖిల్" అంటారు. "రూమీ మస్తగీ" గ్రీకు దేశపు కియోస్ ద్వీపం నుంచి వచ్చే ఇంకొక బంక. తెలంగాణ కొండలలోనూ, నల్లమల అడవులలోనూ పెరిగే "అందుగు" చెట్టు మాత్రం అసలు కుందుర్ చెట్టుకు దగ్గరి బంధువు. ఆయుర్వేదంలో దీనిని "శల్లకి" అంటారు. నేడు మన దేశపు యూనానీ మందులలో కుందుర్ అంటే ఎక్కువగా ఈ స్వదేశీ చెట్టు బంకే.

మందుల పేర్లలో వచ్చే పొరపాటు ఎంత ప్రమాదమో పూర్వులకు తెలియని విషయం కాదు. మహాపండితుడు అల్‌బీరూనీ తన చివరి దశలో "కితాబుస్సైదనా" అనే మందుల గ్రంథం వ్రాశాడు. అందులో ఒక్కొక్క మూలికకు అరబీ, పారశీక, గ్రీకు, సుర్యానీ, హిందీ మొదలైన భాషలలో ఉన్న పేర్లను వరుసగా చేర్చాడు. తన యౌవనంలో తన ప్రాంతానికి వచ్చిన ఒక గ్రీకు మనిషి వద్దకు గింజలూ, పండ్లూ, మొక్కలూ తీసుకుపోయి, వాటిని అతని భాషలో ఏమంటారో అడిగి వ్రాసుకునేవాడినని ఆయనే చెప్పుకున్నాడు. మందును గుర్తించడం వైద్యంలో మొదటి మెట్టు అని ఆయన ఎంచాడు.

చెట్టు, దాని బంక

కుందుర్ చెట్లను శాస్త్రజ్ఞులు "బోస్వెలియా" అనే జాతిగా వర్గీకరించారు. అరేబియాలోని ఒమాన్, యెమన్ దేశాలలోనూ, ఎదుటి తీరాన సోమాలియాలోనూ పెరిగేది "బోస్వెలియా సాక్రా". ఇథియోపియా, ఎరిత్రియా, సూడాన్ దేశాలలో "పాపిరిఫెరా" అనే రకం ఉన్నది. సోమాలియాలో "ఫ్రెరియానా" అనే మరొక రకం ఉన్నది, దాని బంకను "మైదీ" అంటారు. మన దేశంలోని అందుగు చెట్టు "బోస్వెలియా సెరాటా". ఈ జాతికి పేరు పెట్టిన వృక్షశాస్త్రజ్ఞుడు రాక్స్‌బర్గ్ అంతకు పూర్వం గోదావరి ప్రాంతంలోని సామర్లకోటలో తోట పెంచి మొక్కలను పరిశీలించినవాడే.

ఒమాన్‌లోని ధోఫార్ ప్రాంతంలో ఈ చెట్లు రాళ్ల మధ్య, సున్నపునేలలో, అతి తక్కువ నీటితో బ్రతుకుతాయి. వేసవి ముదిరే కాలంలో బంక తీసేవారు చిన్న ఉలివంటి కత్తితో బెరడును అక్కడక్కడ పలుచగా చెక్కుతారు. తెల్లని బొట్లు ఊరి కొన్ని రోజులలో గట్టిపడతాయి. మొదటి గాటుకు వచ్చిన బంకకు విలువ తక్కువ. అదే గాటును మళ్లీ గీరి, మళ్లీ గీరి తీసిన బంకయే మేలైనది. తెల్లగా, కొంచెం పచ్చని ఛాయతో, వెలుతురు సోకేలా ఉన్న బొట్లను శ్రేష్ఠమైనవిగా ఎంచుతారు.

క్రీస్తుకు పూర్వమే ఈ బంక ధోఫార్ తీరపు రేవుల నుంచి ఒంటెల మీదా, ఓడల మీదా మిస్రుకూ, రోమునకూ, హిందుస్తానానికీ చేరేది. సుమ్‌హురమ్ రేవు, బలీద్ పట్టణం, షిస్ర్ మజిలీ, వాదీ దౌకాలోని చెట్లవనం కలిపి 2000 సంవత్సరంలో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాలలో చేరినవి. ఆ తీరంతో దక్కనుకు కూడా సంబంధం ఉన్నది. నిజాము సైన్యంలో చేరడానికి వచ్చి హైదరాబాదు బార్కస్ ప్రాంతంలో స్థిరపడిన అరబ్బు కుటుంబాలు ఎక్కువగా హద్రమౌత్ వాసులే. హద్రమౌత్ అంటే ప్రాచీనకాలం నుంచీ లుబాన్‌కు పేరుపడిన దేశమే.

గ్రీకు నుంచి అరబీకి, అరబీ నుంచి దక్కనుకు

క్రీ.శ. మొదటి శతాబ్దపు గ్రీకు వైద్యుడు దియోస్కోరీదెస్ మూలికల మీద వ్రాసిన గ్రంథంలో ఈ బంకను, దాని బెరడును, దాని చూర్ణాన్ని, దాని పొగ మసిని విడివిడిగా వర్ణించాడు. ఈ గ్రంథాన్ని 9వ శతాబ్దంలో బగ్దాదులో ఇస్తిఫాన్ ఇబ్నె బసీల్ అరబీలోకి అనువదించగా, హునైన్ ఇబ్నె ఇస్‌హాక్ సరిదిద్దాడు. ముస్లిం వైద్యులు దానిని కేవలం కాపాడి ఊరుకోలేదు. తమ చికిత్సాలయాలలో చూచిన విషయాలను దానికి చేరుస్తూ పోయారు.

అబూబక్ర్ రాజీ (మరణం క్రీ.శ. 925) తన "అల్‌హావీ"లో పూర్వుల అభిప్రాయాలను వారి పేర్లతో సహా ఉదాహరిస్తూ, తన అనుభవాన్ని వేరుగా గుర్తుపెట్టి వ్రాశాడు. ఈ బృహద్గ్రంథాన్ని అరబీ మూలంలో అనేక సంపుటాలుగా అచ్చువేసినది హైదరాబాదులోని దాయిరతుల్ మఆరిఫ్ అల్ ఉస్మానియా. 1955లో ఆ ప్రచురణ ఆరంభమైనది. ఇబ్నె సీనా (మరణం క్రీ.శ. 1037) తన "అల్‌ఖానూన్" రెండవ భాగంలో కుందుర్‌కు ప్రత్యేకంగా ఒక శీర్షిక ఇచ్చాడు. ఇబ్నె బైతార్ (మరణం క్రీ.శ. 1248) తనకు పూర్వులు చెప్పినదంతా ఒక చోట కూర్చాడు.

యూనానీ సిద్ధాంతం ప్రకారం ప్రతి వస్తువుకూ ఒక మిజాజు ఉంటుంది. వేడి, చలువ, తడి, పొడి అనే నాలుగు గుణాలు వేర్వేరు దర్జాలలో కలిసి ఆ మిజాజు ఏర్పడుతుంది. ఇబ్నె సీనా లెక్క ప్రకారం కుందుర్ రెండవ దర్జాలో వేడి, మొదటి దర్జాలో పొడి. హకీములు దీనికి చెప్పే ఉపయోగాలన్నీ ఈ లెక్క నుంచే వస్తాయి. ఎక్కడ అనవసరమైన తడి, చలువ చేరి బాధిస్తున్నాయో అక్కడ ఇది పనిచేస్తుందని వారి భావం.

హకీములు దీనిని వాడిన విధం

మొదటిది గాయాలు. రక్తం కారడాన్ని ఆపడానికీ, పచ్చిపుండు మూసుకునేటట్లు చేయడానికీ, చీము పట్టిన పుండును ఆరబెట్టడానికీ కుందుర్ పొడిని చల్లేవారు. మైనము, నూనె కలిపి మర్‌హమ్‌గా వేసేవారు. గోరుచుట్టుకు తేనెతో నూరి పట్టు వేయడం ఇబ్నె సీనా చెప్పినదే. చిగుళ్లు వదులై రక్తం వచ్చేవారికి పళ్లపొడులలో కలిపేవారు.

రెండవది జీర్ణకోశం. వాంతులు, పాతబడిన విరేచనాలు, జిగట విరేచనాలు ఉన్నప్పుడు కడుపుకు బలమిచ్చే మందుగా ఇచ్చేవారు. మూడవది రొమ్ము. కఫం పట్టిన దగ్గుకు, ఉబ్బసానికి ఇతర మందులతో కలిపి ఇచ్చేవారు. నాలుగవది మూత్రం పట్టు తప్పిన స్థితి. ముసలితనంలో మూత్రం చుక్కలుగా జారిపోవడం, మాటిమాటికీ మూత్రానికి పోవలసి రావడం వంటి బాధలకు "మాజూన్ కుందుర్" అనే లేహ్యం నేటికీ వాడుకలో ఉన్నది. భారత ప్రభుత్వపు జాతీయ యూనానీ ఫార్ములరీలో దానికి చోటున్నది. అయిదవది జ్ఞాపకశక్తి. దీని విషయం వేరుగా చూడవలసి ఉన్నది.

బంక ఒక్కటే కాక దాని ఇతర భాగాలకూ పని ఉండేది. బెరడును "ఖిష్ర్ కుందుర్" అంటారు, దానిలో వగరు ఎక్కువ. రాలిన నలుసులను "దుఖాఖ్ కుందుర్" అంటారు. మండించినప్పుడు పైకి లేచే పొగను పాత్ర మూతకు పట్టించి, ఆ మసిని కంటి మందులలో కలిపేవారు.

హకీములు దీనిని హద్దులేని మందుగా చెప్పలేదు. ఎక్కువైతే తలనొప్పి తెస్తుందనీ, వేడి శరీరతత్వం గలవారికి పడదనీ వ్రాశారు. ఆరోగ్యంగా ఉన్నవారు ఎక్కువగా పుచ్చుకుంటే మతి చెడుతుందని దియోస్కోరీదెస్ హెచ్చరించాడు. యూనానీలో ప్రతి మందుకూ దాని దోషాన్ని సరిచేసే "ముస్లిహ్"నూ, అది దొరకనప్పుడు వాడే "బదల్"నూ చెప్పడం ఆనవాయితీ. కుందుర్‌కు బదల్‌గా మస్తగీని చెబుతారు. జావా లోబాన్‌ను చెప్పరు. పాత హకీములు ఈ రెండు బంకలనూ వేర్వేరుగానే చూచారనడానికి ఇది ఒక నిదర్శనం.

హదీసు గ్రంథాలలో లుబాన్

ఈ మందును "నబవీ వైద్యం" అనే పేరుతో అమ్మడం ఈ మధ్య పెరిగినది కనుక ఈ విషయం స్పష్టంగా తెలుసుకోవాలి. దివ్య ఖుర్ఆన్‌లో లుబాన్ ప్రస్తావన లేదు. తేనె, నల్ల జీలకర్ర, ఖుస్తె హిందీ వంటివాటిని గురించి సహీ హదీసులు ఉన్నాయి. లుబాన్ విషయంలో అటువంటి స్థితి లేదు.

ఇబ్నుల్ ఖయ్యిమ్ (మరణం హిజ్రీ 751) "జాదుల్ మఆద్"లోని వైద్యభాగంలో లుబాన్‌ను చర్చించారు. ఇండ్లలో లుబాన్ పొగ వేయమని దైవప్రవక్త (స) ఆదేశించినట్లు చెప్పే ఒక రివాయత్‌ను పేర్కొని, అది సహీ కాదని తేల్చారు. ఆ పిమ్మట సహాబీల వైపు చేర్చి చెప్పబడే మూడు మాటలను ప్రస్తావించారు. మతిమరుపు గురించి చెప్పుకున్న ఒక వ్యక్తికి హజ్రత్ అలీ (రజి) లుబాన్ సూచించారన్నది ఒకటి. పరగడుపున చక్కెరతో పుచ్చుకుంటే మూత్రబాధకూ, మతిమరుపుకూ మంచిదని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) చెప్పారన్నది రెండవది. రాత్రి నానబెట్టి ఉదయం ఆ నీరు తాగమని హజ్రత్ అనస్ (రజి) చెప్పారన్నది మూడవది. వీటిని ఇబ్నుల్ ఖయ్యిమ్ "ఇలా చెప్పబడుతున్నది" అనే ధోరణిలోనే వ్రాశారు. హదీసు శాస్త్రం తెలిసినవారికి ఆ ధోరణి అర్థం తెలుసు. బలమైన సనదు గల మాటను ఎవరూ అలా ఉదహరించరు.

ఆయన అంతటితో ఆగలేదు. మతిమరుపు అంతా ఒకటి కాదనీ, మెదడులో చలువ, తడి ఎక్కువై వచ్చిన మతిమరుపుకే లుబాన్ పనికివస్తుందనీ, పొడితనం వల్ల వచ్చినదానికి పనికిరాదనీ వివరించారు. రెంటికీ తేడా గుర్తుపట్టే విధం కూడా చెప్పారు. పొడితనం వల్ల వచ్చినదానిలో నిద్ర పట్టదు, పాత సంగతులు జ్ఞాపకముంటాయి, కొత్తవి నిలువవు. తడి వల్ల వచ్చినదానిలో ఇందుకు విపర్యయం. ఈ సిద్ధాంతాన్ని నేటి వైద్యం అంగీకరించకపోవచ్చు. కాని ఆయన పద్ధతి గమనించదగినది. మొదట మాట ఎవరిదో విచారించారు, తరువాత అది ఏ రోగానికి వర్తిస్తుందో విచారించారు.

ఇబ్నె ఖల్దూన్ (మరణం క్రీ.శ. 1406) తన "ముఖద్దమా"లో మరొక అడుగు ముందుకు వేసి, హదీసులలో కనబడే వైద్యం ఆనాటి అరబ్బుల అనుభవానికి చెందినదనీ, ప్రవక్త (స) షరీఅత్ బోధించడానికి పంపబడ్డారే గాని వైద్యం బోధించడానికి కాదనీ అభిప్రాయపడ్డాడు. ఈ అభిప్రాయాన్ని అంగీకరించని పండితులూ ఉన్నారు. కాని సహీ కాని మాటను ప్రవక్త (స)కు అంటగట్టి సరుకు అమ్ముకోవడం తగదన్న విషయంలో భిన్నాభిప్రాయం లేదు.

నేటి పరిశోధన ఏమంటున్నది

కుందుర్‌లో మూడు భాగాలు ఉన్నాయి. నీటిలో కరిగే జిగురు, నీటిలో కరగక స్పిరిట్టులో కరిగే రాళం, సువాసన నిచ్చే ఆవిరి తైలం. సగానికి పైగా ఉండేది రాళం. ఆ రాళంలోని "బోస్వెలిక్ ఆమ్లాలు" పరిశోధకులను ఆకర్షించినవి.

ఈ పని మొదలైనది మన దేశంలోనే. జమ్మూలోని ప్రాంతీయ పరిశోధనాలయంలో అందుగు జాతి బంక నుంచి తీసిన సారం వాపును తగ్గిస్తుందని జంతువుల మీద చేసిన పరీక్షల ద్వారా 1986లో ప్రకటించారు. తరువాత జర్మనీలోని ట్యూబింగెన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇది జరిగే విధానాన్ని వివరించారు. శరీరంలో వాపు పుట్టించే "ల్యూకోట్రయీన్" అనే పదార్థాలు తయారుకావడానికి ఒక ఎంజైము అవసరం. బోస్వెలిక్ ఆమ్లాలు ఆ ఎంజైమును అడ్డుకుంటాయి.

మనుషుల మీద జరిగిన పరీక్షలలో మోకాలి కీళ్ల అరుగుదలకు సంబంధించినవి ముఖ్యమైనవి. నాగపూరులో 30 మంది రోగుల మీద జరిపి 2003లో ప్రకటించిన పరీక్షలో నొప్పి, వాపు తగ్గినట్లు కనబడింది. 2014లో కాక్రేన్ సంస్థ కీళ్ల అరుగుదలకు వాడే మూలికా మందులన్నిటినీ సమీక్షించింది. 85 మంది పాల్గొన్న రెండు పరీక్షలను బట్టి, శుద్ధిచేసిన బోస్వెలియా సారం 100 మిల్లీగ్రాములు 90 రోజులు వాడినవారికి 100 పాయింట్ల కొలమానంలో నొప్పి 17 పాయింట్లు తక్కువగా ఉన్నదని అది తేల్చింది. ఇది స్వల్పమైన మేలే, అయినా నిజమైన మేలు.

ఉబ్బసం మీద 1998లో ప్రకటించిన ఒక పరీక్షలో 40 మంది రోగులకు ఆరు వారాలు ఇచ్చినప్పుడు ఎక్కువమందికి గుణం కనిపించింది. కాని అంత చిన్న పరీక్ష ఒక్కదానితో నిర్ణయానికి రాలేము. మెదడులో గడ్డలకు రేడియేషన్ చికిత్స పొందుతున్న 44 మందిపై జర్మనీలో జరిపి 2011లో ప్రకటించిన పరీక్షలో, మెదడు వాపు తగ్గడానికి ఇది తోడ్పడింది. అక్కడ తగ్గినది వాపు, గడ్డ కాదు. రోజుకు ఇచ్చిన మోతాదు 4200 మిల్లీగ్రాములు, అదీ ఆసుపత్రి పర్యవేక్షణలో. "కుందుర్ క్యాన్సర్‌ను నయం చేస్తుంది" అని ప్రచారం చేసేవారు ఈ భేదాన్ని దాచిపెడతారు.

ఫలించని పరీక్షలు కూడా ఉన్నాయి. క్రోన్స్ అనే పేగు వ్యాధి తిరగబెట్టకుండా ఆపగలదా అని 52 వారాలపాటు చూచిన పరీక్షలో ఇది ఉత్తుత్తి మాత్ర కంటె ఎక్కువ పని చేయలేదని 2011లో తెలిసినది. జ్ఞాపకశక్తి విషయంలో ఎలుకల మీద కొంత ఆశ కలిగించే ఫలితాలు వచ్చాయి. మనుషులలో జరిగినవి చిన్నవి, నిర్ణయానికి చాలవు. పరీక్షల కాలంలో పిల్లలకు కుందుర్ నీరు తాగించే తల్లిదండ్రులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

నానబెట్టిన నీరు, పొగ, తైలం, గుళిక

పేరు సరిగా గుర్తుపట్టినా చిక్కు పూర్తిగా తీరదు. ఒకే బంకను నాలుగు విధాలుగా వాడితే నాలుగు వేర్వేరు మందులవుతాయి.

రాత్రంతా నీటిలో నానబెడితే నీటిలోకి దిగేది ముఖ్యంగా జిగురు. బోస్వెలిక్ ఆమ్లాలు నీటిలో కరగవు కనుక చాలావరకు అడుగున మిగిలిన ముద్దలోనే ఉండిపోతాయి. అందువల్ల కీళ్లనొప్పులకు గుళికతో వచ్చిన ఫలితాన్ని చూపి నానబెట్టిన నీటికి ఆ ఘనత ఇవ్వడం సరికాదు. పైగా ఈ ఆమ్లాలు పరగడుపున కంటె కొవ్వు గల భోజనంతో పుచ్చుకున్నప్పుడే రక్తంలోకి బాగా చేరుతాయని పరిశోధనలో తేలినది. హకీములు ఇచ్చిన పొడిలో, లేహ్యంలో బంక మొత్తం లోపలికి పోయేది. నానబెట్టిన నీటికీ వాటికీ తేడా అదే.

ఆవిరి పట్టి తీసిన తైలంలో బోస్వెలిక్ ఆమ్లాలు ఉండవు. అవి ఆవిరితో పైకి రాని బరువైన పదార్థాలు. తైలం సువాసనకు మంచిదే. దానిని బోస్వెలిక్ ఆమ్లాల పేరు చెప్పి అమ్మడం మాత్రం మోసం. సోమాలియా మైదీ బంకలోనూ ఈ ఆమ్లాలు లేవు. అది నమలడానికి పేరుపొందినది.

పొగ సంగతి మరొకటి. కుందుర్‌లోని "ఇన్సెన్సోల్ అసిటేట్" అనే పదార్థం చుంచెలుకలలో ఆందోళనను తగ్గించినట్లు 2008లో ఒక పరిశోధన ప్రకటించింది. కాని తలుపులు మూసిన గదిలో ఏ బంక కాల్చినా వచ్చేది సన్నని మసి నలుసులతో నిండిన పొగ. ఉబ్బసం ఉన్నవారి గదిలో, పసిపిల్లల ఉయ్యాల దగ్గర లోబాన్ వేయడం మేలు కాదు, కీడు. ఉబ్బసానికి హకీములు లోపలికి ఇచ్చిన మందు పేరు చెప్పి ఉబ్బస రోగికి పొగ పెట్టడం అన్నిటికంటె పెద్ద పొరపాటు.

కొనేవారు గమనించవలసినవి

అసలు కుందుర్‌ను గుర్తించడం కష్టమేమీ కాదు. ఒక చిన్న ముక్కను నీటిలో వేసి నూరితే నీరు పాలవలె తెల్లబడుతుంది. నోట వేసుకుంటే మొదట పొడిగా నలిగి, తరువాత మెత్తని తెల్లని ముద్దగా మారుతుంది. రుచి కొద్దిగా చేదు. జావా లోబాన్‌లో జిగురు భాగం లేదు కనుక నీటిలో ఇలా కలవదు. దాని వాసన వెనీలా వాసనను పోలి తియ్యగా ఉంటుంది. నేడు బజారులో దొరికే అచ్చు సాంబ్రాణి బిళ్లలలో బొగ్గుపొడి, రంపపుపొట్టు, సువాసన రసాయనాలు కలుస్తాయి. వాటిని ఎట్టి పరిస్థితిలోనూ మందుగా వాడరాదు.

కుందుర్ సామాన్యంగా పెద్ద హాని చేసే మందు కాదు. కొందరికి కడుపులో మంట, వికారం, విరేచనాలు కలుగవచ్చు. రక్తం పలుచబడే మందులు వాడేవారు, గర్భిణీ స్త్రీలు వైద్యుని సలహా లేకుండా పుచ్చుకోరాదు. ఉబ్బసానికీ, పేగు వ్యాధికీ డాక్టరు ఇచ్చిన మందులను మానివేసి దీనిని ఆశ్రయించడం ప్రాణాపాయం కావచ్చు. తగిన విద్య నేర్చిన యూనానీ హకీము కూడా అలా మానమని చెప్పడు.

చెట్టు మిగలాలి

ఇంతకీ ఈ బంక ఊరే చెట్టు పరిస్థితి నేడు బాగాలేదు. ఇథియోపియా తదితర ప్రాంతాలలోని పాపిరిఫెరా వనాలను పరిశీలించిన శాస్త్రజ్ఞులు 2019లో ఒక హెచ్చరిక చేశారు. పరిశీలించిన వనాలలో 75 శాతానికి పైగా చోట్ల లేత చెట్లు లేనే లేవు. ముసలి చెట్లు చచ్చిపోతుంటే వాటి స్థానంలో కొత్తవి రావడం లేదు. పశువుల మేత, కార్చిచ్చు, విరామం లేకుండా గాట్లు పెట్టడం ఇందుకు కారణాలు. ఇలాగే సాగితే ఇరవై ఏళ్లలో బంక దిగుబడి సగానికి పడిపోతుందని వారి అంచనా. హద్దుమీరి గాట్లు పెట్టిన చెట్టు తన బలమంతా గాయం మాన్పుకోవడానికే వెచ్చించి, గింజలు సరిగా కట్టలేదు.

ధోఫార్ పాతకాలపు బంకవారు చెట్టు చూచి గాట్లు పెట్టేవారు. చిన్న చెట్టుకు తక్కువ, పెద్ద చెట్టుకు ఎక్కువ, అలసిన చెట్టుకు కొన్నేళ్లు విశ్రాంతి. హకీములు కూడా రోగి బలం చూచి మోతాదు కట్టేవారు. చెట్టు విషయంలోనైనా, శరీరం విషయంలోనైనా హద్దు తెలిసి వాడుకోవడమే ఆ విద్యలోని సారం.

కుందుర్ సర్వరోగ నివారిణి కాదు, ఒట్టి మూఢనమ్మకమూ కాదు. కొన్ని బాధలకు కొంత మేలు చేసే ఒక మంచి మందు. ప్రతి రోగానికీ మందు ఉన్నదనీ, ఆ మందు రోగానికి సరిపడినప్పుడు అల్లాహ్ అనుమతితో గుణం కలుగుతుందనీ తెలిపే హదీసు సహీ ముస్లింలో ఉన్నది. మందు రోగానికి సరిపడడం అన్న మాటలోనే వస్తువును గుర్తించడం, మాట మూలం విచారించడం, మోతాదు, వాడే విధం, హద్దు అన్నీ ఇమిడి ఉన్నాయి. అల్‌బీరూనీ పేర్లు అడిగి వ్రాసుకున్నదీ, రాజీ తన అనుభవాన్ని వేరుగా గుర్తుపెట్టినదీ, ఇబ్నుల్ ఖయ్యిమ్ రివాయత్‌ను జల్లెడ పట్టినదీ ఈ పని కోసమే. వారి పేరు చెప్పి మందు పుచ్చుకునేవారు వారి పద్ధతిని కూడా పుచ్చుకోవడం న్యాయం.